ఒక్కింటి కేబుల్

ముందుగా పేరడుగుతాది కంప్యూటరు.
"మీ సర్వరుకు ఏం పేరు పెడతారు?"
చానా సేపు ఆలోచన చేయలేదు నేను.
గ్రీమ్స్‌పేట కంట్రోల్ రూము తలుపు మీద
ఎర్ర పెయింటుతో రాసుకున్నదే టైపు కొట్టినా:
ధనం కేబుల్ విజన్.

ఆ రూము ఇప్పుడు చికెను అంగడి.
డిష్షును పక్కింటోళ్ళు అడిగి తీసుకుని
దాంట్లో మిరపకాయలు ఎండేసుకుంటా ఉండారు.
మిగిలింది ఈ పాత కంప్యూటరు,
దీని కడుపులో ఒక హార్డ్ డిస్కు,
డిస్కులో పదకొండేండ్ల చిత్తూరు.

"ఫోల్డరు ఎక్కడుందో చూపించండి" అంటాది.
చూపించినా.
పచ్చ గీత పాకతా పాకతా పోయింది
సంతపేటలో మా నల్ల వైరు పాకినట్ల,
మామిడి కొమ్మ మీద నుంచి మిద్దె పిట్టగోడకు,
పిట్టగోడ నుంచి కరెంటు స్తంభానికి,
స్తంభం కాడ లైన్‌మన్‌కు టీ ఖర్చులకు.

తర్వాత మొదలైంది తమాషా.
ప్రతి బొమ్మకూ ఒక పోస్టరు వెతికి పెడతాదంట ఇది,
దర్శకుడెవరు, ఏ సంవత్సరం, ఎన్ని చుక్కలు.
"మండీలో తోతాపురి ధర" అని నేను రాసుకున్న ఫైలుకు
మంచుకొండల్లో తుపాకి పట్టుకున్న తెల్లోడిని అంటించింది.
"తప్పిపోయిన మేకపోతు, మురకంబట్టు"కు
వానలో తడస్తా ఉండే జంటను.
నీవా నదిలో నీళ్ళొచ్చిన దినం తీసిన ఇరవై నిమిషాలకు మాత్రం
"సరిపోలేది దొరకలేదు" అని చెప్పి
బూడిద రంగు డబ్బా ఒకటి పెట్టింది.
నిజమే.
దానికి సరిపోలేది నాక్కూడా మళ్ళా దొరకలేదు.

ఒక్కోటే దిద్దినా.
దర్శకుడు: గాలి. ఆ పొద్దు కెమెరా చేతిలో నిలబడితే గదా.
నటీనటులు: వంతెన మీదుండే జనం అందరూ.
సంవత్సరం దగ్గర ఆగిపోయినా.
వంటింట్లోంచి ధనభాగ్యం చెప్పింది,
"మన స్కూటరుకు సైలెన్సరు ఊడిపోయిన ఏడు."
ఆ గడిలో అంకెలు తప్ప పట్టవు.

మా చానల్లో వార్తలు చదివింది ఆమే.
పసుపుపచ్చ కర్టెను ముందర కూర్చుని,
సౌండు పడతాదని ఫ్యాను ఆపేసి,
చెమట కారతా ఉంటే తుడుచుకోకుండా:
"నల్లది, ఎడమ చెవికి కోత, కొమ్ముకు ఎర్ర గుడ్డ.
చూసినవారు తెలుపగలరు."
మేకపోతు దొరకలేదు.
ఫోన్లు మాత్రం పదహారు వచ్చినాయి,
ఆ చీర ఏ అంగట్లో తీసిందని.

"ఎవరు చూస్తున్నారు?" అంటాది చివర్న.
నాలుగొందల ఇండ్లు ఉన్న దినాల్లో
ఇది అడిగే పనే లేదు.
క్లైమాక్సులో బొమ్మ పోతే చాలు,
ఎవురెవురు చూస్తా ఉండారో
తిట్టే గొంతును బట్టి తెలిసిపోయేది.
ఇప్పుడు రెండు గుండ్రాలు గీసి కాచుకోనుండాది.
ఒకటి నాది.
రెండోదాంట్లో ఆమె పేరు కొట్టి
పాస్‌వర్డు వద్దన్నా.

ఆమె ఫోన్లో నొక్కింది. చక్రం తిరగతా ఉండాది.
ఇక్కడ కంప్యూటరు గసపోస్తా ఉండాది,
పాత ఫైలును కొత్త తెరకు తగినట్ల
రుబ్బి రుబ్బి పోయలేక.
రెండు గోడలు దాటల్ల, అంతే.
ఒకప్పుడు రెండు వార్డులు దాటించినోణ్ణి.

నా ఫోను మోగింది. వంటింట్లోంచే.
"ధనం కేబులేనా? మా ఇంట్లో బొమ్మ రాలేదబ్బా.
నెల పుట్టేసరికి డబ్బులకు మాత్రం వచ్చి నిలబడతారే!"
"వస్తాదమ్మా, లైన్లో పని జరగతా ఉండాది"
నోరు దానంతట అదే అనేసింది.
చెప్తే నగుతారు,
కటింగ్ ప్లేయరు జేబులో వేసుకుని
మిద్దె మెట్లు సగం దాకా ఎక్కేసినా.

అప్పుడు వినపడింది కింద నుంచి,
"నల్లది, ఎడమ చెవికి కోత..."
దాని మీదనే ఇంకో గొంతు, అదే గొంతు,
కొంచెం బొంగురు పోయింది:
"ఇదిగో, ఆ చీర యాడ పెట్టినానో చూడల్ల."